ఆయన మొక్కు, అమ్మాయి సెలవులు, ఆగస్టు ఎండ

గుంటూరు జిల్లా నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు 58 ఏళ్లు. బడిపంతులుగా పనిచేసిన భర్త రెండేళ్ల కిందట కన్నుమూశారు. ఒక్కగానొక్క కూతురికి 29 ఏళ్లు, ఇటలీలోని మిలాన్‌లో ఉద్యోగం. నాన్న పోయాక అమ్మ గడప దాటడం లేదని, వచ్చే ఆగస్టులో తన దగ్గరికి రప్పించుకుని, వియా ఫ్రాంచిజెనా అనే పాత యాత్రికుల దారిలో రోము వైపు తొమ్మిది రోజులు నడిపించాలని అమ్మాయి ఏర్పాట్లు చేస్తోంది. ఆగస్టులో ఆఫీసు ఎలాగూ మూసేస్తారు, సెలవు అడగనక్కరలేదు. సాన్ జిమిన్యానో నుంచి సియెనా దాకా నడక, అక్కడి నుంచి సాన్ క్విరికోకు బస్సు, మళ్లీ రాదికోఫానీ దాకా నడక, ఇంకో బస్సు, బొల్సేనా సరస్సు పక్కన రెండు రోజుల నడక, ఆపైన రోముకు రైలు. ఇదీ పథకం.

ఈ పథకం విన్నప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. అమ్మాయికి ఆరేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి పదకొండు రోజులు స్పృహ లేకుండా పడి ఉంది. బిడ్డ బతికితే రోములో పునీత పేతురు సమాధి దాకా నడిచి వస్తానని తండ్రి మొక్కుకున్నారు. బిడ్డ బతికింది. మొదట డబ్బు చాలక, తర్వాత ఒంట్లో శక్తి చాలక ఆయన వెళ్లలేకపోయారు. "దానికి మాత్రం చెప్పకు, నా వల్లే నాన్న బాకీ పడ్డాడని అనుకుంటుంది" అని అమ్మాయి చిన్నతనంలోనే భార్య దగ్గర మాట తీసుకున్నారు. చెక్కపూసల జపమాల ఆఖరు రోజుల్లో ఆమె చేతిలో పెట్టారు.

ఆమెకు పదేళ్లుగా షుగరు. మాత్రలు వాడుతున్నారు. ఈమధ్య రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయి. ఫిబ్రవరిలో తమ చర్చి విచారణలోని ఆడవాళ్లతో కలిసి గుణదల మాత ఉత్సవాలకు రెండు రోజులు నడిచి వెళ్లారు, మూడో రోజు మంచం దిగలేకపోయారు. క్రిస్మస్‌కు అమ్మాయి వచ్చినప్పుడు ఇద్దరూ కొండవీడు ఎక్కబోయారు. అమ్మాయి ముందు వెళ్లి ప్రతి మలుపులోనూ నిలబడేది. ఈమె చేరగానే "పద" అనేది. సగంలో ఈమె రాయి మీద కూర్చుని రానన్నారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

ఆమె ప్రశ్నలివి: రైలెక్కితే మొక్కు చెల్లుతుందా? అమ్మాయితో సమంగా నడవలేని నేను అసలు వెళ్లవచ్చా? ఆయనకిచ్చిన మాట తప్పి అమ్మాయికి చెప్పాలా? పిల్లకు పెళ్లి చేయకుండా దేశాలు తిరగడమేమిటని మరిది అంటున్నారని చివర్లో రాశారు.

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆగస్టు ఎండ గురించి కంగారుపడ్డాను. మూడోసారికి అసలు చిక్కుముడి ఎండలో లేదని అర్థమైంది. మీరూ అమ్మాయీ ఒకే దారి గురించి మాట్లాడుకుంటున్నారు, యాత్రలు మాత్రం రెండు. అమ్మాయికి ఇది దిగులులోంచి అమ్మను బయటికి తెచ్చే ప్రయాణం. అందుకే చూడచక్కని ఊళ్లన్నీ ఏరి పెట్టింది, నడుమ బస్సులు పెట్టింది, రోము శివార్లలో చూసేదేముందని చివరి భాగాన్ని రైలుకు వదిలేసింది. మీకు కావలసింది సరిగ్గా ఆ చివరి భాగమే. తనకు తెలిసినంతలో ఆ పిల్ల ఎంతో ప్రేమగా వేసిన పథకమిది. తనకు తెలియనిది మీ దగ్గర ఉంది.

ముందు మొక్కు సంగతి చూద్దాం, మీ మెడ మీది బరువు కొంతైనా దించాలని ఉంది. కతోలిక శ్రీసభ చట్టంలో 1193వ సూత్రం ఒకటుంది. మొక్కు అనేది మొక్కుకున్న మనిషినే కట్టి ఉంచుతుందని దాని అర్థం. భర్త మొక్కు భార్యకు ఆస్తిలా, అప్పులా సంక్రమించదు. ఆయన బతికుండగా కూడా, చేయలేని పరిస్థితి వస్తే తగిన కారణం చూసి ఆ మొక్కును సడలించే అధికారం విచారణ గురువుకు ఉంది. మీ ఫాదర్ గారి దగ్గర ఒక అరగంట కూర్చుని ఈ మాట ఆయన నోట వినండి. ఆ తర్వాత కూడా వెళ్లాలనిపిస్తే, అది పూర్తిగా మీరు మీవారి కోసం ఇష్టపడి వేసే అడుగు అవుతుంది. వెళ్లలేకపోతే ఆయన ఆత్మకు ఏదో లోటు జరుగుతుందన్న భయం మాత్రం పెట్టుకోకండి.

ఇక రైలు. ఈ దారికి పేరు తెచ్చిన పెద్దమనిషి సిగెరిక్. ఇంగ్లండులో కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి. 990వ సంవత్సరం ప్రాంతంలో పోపుగారి దగ్గరికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో ఆగిన ఊళ్ల పేర్లన్నీ వరసగా రాయించి పెట్టారు. ఆ పేర్ల పట్టీ ఆధారంగానే ఇప్పటి దారిని మళ్లీ గుర్తించారు. ఆయన కూడా సముద్రం దాటడానికి పడవ ఎక్కక తప్పలేదు. ఉత్తర ఇటలీలో పో నదిని నేటికీ చాలామంది యాత్రికులు పడవలో దాటుతారు, దాన్ని నడకకు లోటుగా ఎవరూ లెక్కపెట్టరు. కాబట్టి వాహనం ఎక్కడమే పాపమని అనుకోనక్కరలేదు. అయితే ఒక నియమం ఉంది. పునీత పేతురు దేవాలయంలో యాత్రికులకు తెస్తిమోనియుమ్ అనే పత్రం ఇస్తారు. అది కావాలంటే ఆఖరి వంద కిలోమీటర్లు నడిచి వచ్చి ఉండాలి. దారి పొడవునా సత్రాల్లో, గుడుల్లో ముద్రలు వేయించుకున్న క్రెదెన్సియాలే అనే మడతల అట్టను అక్కడ చూపించాలి. అమ్మాయి పథకంలో మీరు తొమ్మిది రోజులు చెమటోడ్చినా ఆ పత్రం రాదు. నడవాల్సిన ఆ వంద కిలోమీటర్లూ రైల్లోనే గడిచిపోతాయి మరి. పత్రం ఒక కాగితమే, నిజం. కానీ మీ ఉత్తరం చదివితే మీ మనసు కూడా అదే లెక్క వేసుకుంటోందని తెలుస్తోంది.

ఇప్పుడు కష్టమైన మాట. చెప్పాలా, వద్దా?

చెప్పకుండా ఉండవచ్చు. ఆయనకిచ్చిన మాట నిలుస్తుంది. అప్పుడు మాత్రం అమ్మాయి ఎక్కమన్న చోట బస్సెక్కాలి, దిగమన్న చోట దిగాలి, మనసులో ఒక్క పిసరు కూడా నొచ్చుకోకూడదు. మీకది సాధ్యమేనా? కొండవీడు రాయి మీద కూర్చున్న మనిషిని తలుచుకుంటే నాకు నమ్మకం కుదరడం లేదు. కక్కలేక మింగలేక తొమ్మిది రోజులు నడిస్తే ఎక్కడో ఒక బస్‌స్టాపులో అది బయటపడుతుంది, అదీ కోపం రూపంలో. అలా బయటపడిన మాట అమ్మాయికి నిందలా తగులుతుంది.

సమాధి దగ్గరికి చేరాక చెబుతానని రాశారు. ఆ దృశ్యం మీ కళ్ల ముందు ఎంత అందంగా ఉందో ఊహించగలను. అమ్మాయి వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. నాన్న తన కోసం మొక్కుకున్న దారిని తను సెలవుల షికారులా నడిచానని ఆఖరి నిమిషంలో తెలిస్తే, ముందే ఎందుకు చెప్పలేదని జీవితాంతం అడగదా? తిరిగి నడవడానికి ఇంకో సెలవు దొరుకుతుందో లేదో.

తేదీలు ఖరారు కాకముందే చెప్పడం నాకు మేలనిపిస్తోంది. ఆయన వద్దన్నది ఎప్పుడు, ఎందుకన్నారో గుర్తు చేసుకోండి. పసిపిల్ల మనసు మీద బరువు పడకూడదని ఆయన భయం. ఇప్పుడామె తన కాళ్ల మీద నిలబడి తల్లిని పిలిపించుకుంటున్న మనిషి. ఆ మాట వెనకున్న ప్రేమను కాపాడటానికి మాటను కాస్త సడలించవచ్చని నేననుకుంటాను, కానీ ఆయనతో ముప్పై ఏళ్లు కాపురం చేసింది మీరు, తీర్పు మీది. చెప్పదలిస్తే ఫోనులో హడావుడిగా వద్దు. నాకు రాసినట్టే తనకూ ఉత్తరం రాయండి. బాకీ, రుణం అనే మాటలు రాయకుండా, "నువ్వు కళ్లు తెరవాలని మీ నాన్న ప్రేమ పట్టలేక అనుకున్న మాట ఇది" అని రాయండి. అది అబద్ధం కాదు కదా.

చెప్పాక పథకం దానంతటదే మారుతుందని నా ఆశ. మారకపోయినా, ఇప్పటి పథకంలోని రెండు రోజుల గురించి హెచ్చరించకుండా ఉండలేను. సాన్ జిమిన్యానో నుంచి సియెనా దారిలోని మోంతెరిజ్జోనీకి సుమారు 30 కిలోమీటర్లు. సాన్ క్విరికో నుంచి రాదికోఫానీకి అంతకంటే ఎక్కువ, పైగా ఆఖర్లో కొండ మీది కోట ఊరికి ఎక్కుడు. ఫొటోల్లో కనిపించే ఆ బంగారు రంగు గుట్టలు, వరసగా సరుగు చెట్లలా నిలబడ్డ సైప్రస్‌లు నిజంగానే అందంగా ఉంటాయి. ఆ సైప్రస్ నీడ మనిషి వెడల్పు కూడా ఉండదు. ఆగస్టులో గోధుమ కోతలైపోయి కొయ్యకాలు మాత్రం మిగులుతుంది, తెల్లటి మట్టిరోడ్డు ఎండను మొహం మీదికే తిప్పికొడుతుంది. 35 డిగ్రీలు దాటడం మామూలే. గుంటూరు ఎండలు చూసినవాళ్లమని మీరనవచ్చు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం మనం ఇంటి పట్టున ఉంటాం కదమ్మా, భుజాన సంచి వేసుకుని గుట్టలెక్కం.

నాకు తెలిసిన దారి, బొల్సేనా తర్వాత వచ్చే వితెర్బో అనే ఊరి నుంచి రోము దాకా. ఒక అక్టోబరులో నడిచాను. వితెర్బో దగ్గర మొదలుపెడితే ఆ వంద కిలోమీటర్ల నియమం సరిపోతుంది, కాస్త ఎక్కువే అవుతుంది. వేత్రాల్లా, కాప్రానికా, సూత్రి, మోంతెరోసి, కాంపన్యానో, ఫొర్మెల్లో, లా స్తోర్తా, ఆపైన రోము. ఊరికీ ఊరికీ మధ్య దూరాలు చిన్నవి కాబట్టి రోజుకు పది నుంచి పద్ధెనిమిది కిలోమీటర్ల వరకు వేసుకుని, ఏడు రోజుల్లో చేరవచ్చు. హేజల్‌నట్ తోటల మధ్యనుంచి గంటల తరబడి దారి సాగుతుంది. కోతలు అయిపోయాక కూడా రాలిన కాయలు చెప్పుల కింద టక్కుమని పగులుతుంటాయి. సూత్రి ఊరి అంచున కొండరాతిని తొలిచి చేసిన పాత రోమనుల రంగస్థలం ఉంది, ఆ మెట్ల మీద కూర్చుని నేను జామపండు తిన్నట్టు అత్తిపళ్లు తిన్నాను. లా స్తోర్తాలో చిన్న ప్రార్థనాలయం ఉంది. 1537లో రోముకు వస్తూ పునీత ఇగ్నేషియస్ లయోలా దర్శనం పొందిన చోటు అది. మీవారు విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో చదువుకున్నారని రాశారు. అక్కడ కాసేపు కూర్చోండి.

ఇలా చేస్తే సియెనా, సాన్ జిమిన్యానో పోతాయి. అమ్మాయికి అవంటే ఇష్టం, అది చిన్న నష్టం కాదు. నడకకు ముందు రెండు రోజులు ఆ ఊళ్లకు బస్సులో వెళ్లి మామూలు పర్యాటకుల్లా చూడవచ్చు. లేదా అమ్మాయి తన స్నేహితులతో ఆ భాగాన్ని వేగంగా నడిచి, వితెర్బోలో మిమ్మల్ని కలుసుకోవచ్చు. రెండో మార్గంలో మిమ్మల్ని రోము విమానాశ్రయం నుంచి వితెర్బో దాకా తీసుకొచ్చే మనిషి కావాలి, దాన్ని ముందే చూసుకోండి.

నెల విషయానికొస్తే, సెప్టెంబరు చివరివారం గానీ అక్టోబరు మొదటివారం గానీ మీకు చాలా నయం. అప్పుడు అమ్మాయి సెలవు అడగాలి, దొరక్కపోవచ్చు, ఐదు రోజులే దొరకవచ్చు. ఐదు రోజులైతే మొదటి రెండు రోజులు మీరు తెలిసిన వాళ్లెవరితోనైనా నడవాల్సి వస్తుంది, మీకు ఇటాలియన్ రాదు కాబట్టి ఒంటరిగా వద్దు. వానలు కూడా మొదలవుతాయి, బంకమట్టి బూట్లకు అంటుకుంటుంది. ఆగస్టే తప్పదంటే వితెర్బో నుంచే మొదలుపెట్టి, తెల్లవారక ముందే లేచి పదకొండు లోపల ఆ రోజు నడక ముగించండి. ఆగస్టు 15న అక్కడ అంగళ్లు మూసేస్తారు, ముందురోజే రొట్టె, పళ్లు కొని పెట్టుకోవాలి. ఆ రోజు మరియమాత మోక్షారోపణ పండుగ. ఆ దారిలో ఏదో ఒక చిన్న ఊరి గుడిలో దివ్యపూజ దొరకడం ఆగస్టుకున్న ఒక్క మేలు. వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవడం కూడా ఒక దారే, దాన్ని ఓటమిగా చూడకండి. వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కాబట్టి తేదీలు మారితే ఇప్పుడే మార్చండి.

వితెర్బో నుంచి రోముకు రైలు మార్గం ఉంది. వేత్రాల్లా, కాప్రానికా-సూత్రి, లా స్తోర్తాల్లో ఆగుతుంది. ఒంట్లో బాగాలేని రోజు అది మీకు అక్కరకొస్తుంది. ఎక్కాల్సి వస్తే తెస్తిమోనియుమ్ పోతుంది, మనిషి దక్కుతుంది. ఆ ఒప్పందం ఇద్దరూ బయలుదేరక ముందే చేసుకోండి, దారిలో వాదులాడుకోకుండా.

కొండవీడు గొడవ గురించి నాకు తెలిసిన ఒక కిటుకు చెబుతాను. వేగంగా నడిచే మనిషి మలుపులో ఆగి ఐదు నిమిషాలు అలుపు తీర్చుకుంటుంది. నెమ్మదిగా నడిచే మనిషి చేరగానే ఇద్దరూ కదులుతారు. అంటే అలిసిపోయిన మనిషికి ఒక్క నిమిషం కూడా విశ్రాంతి ఉండదు. ఇద్దరిలో ఎవరికీ ఈ సంగతి తోచదు, ఇద్దరికీ కోపం వస్తుంది. దీనికి రెండు మందులున్నాయి. మీరు ముందు నడవండి, అమ్మాయి మీ వెనక మీ అడుగుతో నడవాలి. అది తనకు కష్టమైతే, రోజూ ఉదయం మొదటి గంట కలిసి నడిచి, తర్వాత తను ముందుకు వెళ్లిపోయి, ఫలానా ఊరి ఫలానా కాఫీ అంగడిలో కూర్చోవాలి. మీరు చేరాక పావుగంట పాటు ఎవరూ "పద" అనకూడదు. దారి పొడవునా గుర్తులుంటాయి కాబట్టి మీరు తప్పిపోరు. ఆఖరి రోజు మాత్రం విడివిడిగా వద్దు. రోములోకి దిగే ముందు మోంతె మారియో అనే గుట్ట వస్తుంది. పాతకాలపు యాత్రికులు దాన్ని ఆనందగిరి అనేవారు, పేతురు దేవాలయం మొదటిసారి కనబడేది అక్కడి నుంచే. చెట్ల మధ్యనుంచి వచ్చి మలుపు తిరగ్గానే ఆ గోపురం కనిపిస్తుంది. ఆ మలుపు దగ్గర మీలో ఎవరూ రెండోవారి కంటే ముందు ఉండకూడదని నా కోరిక.

మీ మరిదిగారి మాటకు నేను ఎక్కువ చోటివ్వను. తొమ్మిది రోజుల్లో కుదరాల్సిన సంబంధాలేమీ ఆగిపోవు.

ఇన్ని రాశాను గానీ, అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి. పదేళ్ల షుగరు, రాత్రిళ్లు అరికాళ్ల మంటలు. నరాలు దెబ్బతినడం మొదలైందనడానికి అది గుర్తు కావచ్చు. అలాంటి పాదానికి బొబ్బ లేచినా, చిన్న రాయి గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. మామూలు మనిషికి రెండు రోజుల్లో మానే బొబ్బ షుగరు ఉన్నవాళ్లకు నెలల తరబడి పుండుగా మిగిలిపోవచ్చు. కాబట్టి టికెట్టు కొనక ముందే డాక్టరుగారి చేత పాదాలు పరీక్ష చేయించుకోండి. స్పర్శ, రక్తప్రసరణ రెండూ చూడమనండి. రోజంతా నడిస్తే షుగరు పడిపోవచ్చు, కాబట్టి మీ మాత్రల మోతాదు ఆ రోజుల్లో ఎలా ఉండాలో ఆయననే అడిగి రాయించుకోండి. నడవవద్దని డాక్టరు అంటే, వద్దనే అర్థం. అప్పుడు లా స్తోర్తా నుంచి ఒక్క రోజు నడకకైనా, రోములో ఒక వీధి నడకకైనా ఆయన అనుమతి తీసుకుని వెళ్లి రండి, అమ్మాయి చేయి పట్టుకుని.

అనుమతి దొరికితే, గుణదల నడకలోని మూడో రోజును మర్చిపోకండి. రెండు రోజులు ఎవరైనా నడుస్తారు, మూడో రోజే యాత్ర మొదలవుతుంది. ఇప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున నడవండి, కొత్త బూట్లను ఇక్కడే అరగదీయండి. బయలుదేరడానికి నెల ముందు వరసగా మూడు రోజులు పన్నెండేసి కిలోమీటర్లు నడిచి, నాలుగో రోజు పొద్దున ఒళ్లు ఏమంటుందో వినండి. దారిలో రోజూ సాయంత్రం అమ్మాయి చేత పాదాల అడుగుభాగం, వేళ్ల సందులు చూపించుకోండి. మీ కళ్లతో మీకు కనబడవు. వితెర్బో పరిసరాల్లో వేడినీటి ఊటలున్నాయి, యాత్రికులందరూ కాళ్లు ముంచుతారు. మీరు ముంచకండి, వేడి ఎంతుందో మీ పాదం చెప్పలేకపోవచ్చు. పెద్ద సంచిని ఊరి నుంచి ఊరికి చేరవేసే మనుషులు ఆ దారిలో దొరుకుతారు. మాత్రలు, నాలుగు బెల్లం ముక్కలు, నీళ్లు, ఆయన జపమాల మాత్రం ఆ సంచిలో వేయకుండా మీ దగ్గరే ఉంచుకోండి.

డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి. ఆయన ఏమన్నారో, అమ్మాయి ఏమందో నాకు మళ్లీ రాయండి.